గేదెకి ఆరు గీతలు

మా తమ్ముడి మనవరాలు మౌనిక ఇంజినీరింగ్ చదువుతూ బండి తోలుతోంది. బండంటే తలుపులూ పైకప్పూ ఉన్న కారు కాదు. నేలకి జానెడెత్తున నాలుగు చక్రాలు, వెనకాల ఒక ఇంజను, మధ్యలో కాళ్ళు బారజాపుకునే కుర్చీ. దాన్ని గో-కార్ట్ అంటారని నాకు విడమరిచి చెప్పబోయింది. చెప్పనిచ్చాను. అరవై దాటినవాళ్ళకి ఏమీ తెలియదనుకోవడంలో పిల్లలకి ఒక ఆనందం ఉంటుంది, దాన్ని మనం పాడుచేయకూడదు. వాళ్ళ కాలేజీ పిల్లలంతా కలిసి ఒక బండి తయారుచేశారట. పోటీలో దాన్ని ఎవరు నడపాలన్నది తేల్చడానికి, మా టాటానగర్‌లో మానగో అవతల హైవే పక్కన ఉన్న అద్దె ట్రాక్ మీద చుట్టు నలభై అయిదు సెకన్లలోపు తిరగాలని వాళ్ళ కెప్టెన్ షరతు పెట్టాడు. ఇది ఆదివారం ఆదివారం వెళ్ళి, ఫోను మణికట్టుకి కట్టుకుని, గీత దాటినప్పుడల్లా తనే నొక్కుకుని, నలభై మూడు వస్తోందని సంబరపడింది. కెప్టెన్ కొలిస్తే నలభై ఏడు వచ్చింది. వాడికి తనంటే పడదని మూతి ముడుచుకుని నా దగ్గరికి వచ్చింది.

"మామ్మా, ఆప్ ఆకే టైమ్ లే లో నా. ఆప్ ఝూట్ నహీ బోలేంగీ" అంది, నువ్వొచ్చి టైము చూడు, నువ్వు అబద్ధం చెప్పవని. నేను తెలుగులో మాట్లాడతాను, అది హిందీలో జవాబిస్తుంది. ఇరవై ఏళ్ళుగా మా ఇంట్లో సంభాషణలు ఇలాగే నడుస్తున్నాయి, ఎవరికీ వింతగా అనిపించదు. ఆ రోజు మాత్రం నేను చాలాసేపు నవ్వాను. నవ్వీ నవ్వీ లేచి, మంచం కింద ఉన్న ఇనప పెట్టె లాగి, అడుగున పాత స్వెట్టర్ల కింద నుంచి నాన్న తోలు సంచీ బయటికి తీశాను. అందులో గుండ్రటి స్టాప్‌వాచీ. దానితో పాటు ఆ వాచీని బిగించుకునే చెక్క పలక. పలక మీద క్లిప్పు, క్లిప్పు కింద పచ్చబడ్డ ఆఫీసు కాగితాలు. నాన్న పోయాక ఆ పెట్టె అమ్మ దగ్గర ఉండి, అమ్మ తర్వాత నా దగ్గరికి వచ్చింది. ఆఫీసు కాగితాల్లో మనకేముంటుందిలే అని ఇన్నేళ్ళూ వాటిని ఒక్కసారీ తిరగేయలేదు. ఆ కాగితాల్లో అడుగుదాని సంగతి తర్వాత చెబుతాను. నలభై ఏళ్ళకి పైగా నాకు కనబడకుండా ఉన్న కాగితం ఇంకో నాలుగు పేజీలు ఆగగలదు.

నాన్న కార్ఖానాలో టైం స్టడీలో పనిచేసేవాడు. ఆ ఉద్యోగం ఏమిటో చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. పనివాడి వెనకాల నాలుగడుగుల దూరంలో పలక పట్టుకుని నిలబడాలి. అతను బోల్టు అందుకోవడానికి ఎంతసేపు, బిగించడానికి ఎంతసేపు, చెమట తుడుచుకోవడానికి ఎంతసేపు అని వాచీ చూస్తూ రాసుకోవాలి. ఆ లెక్కలన్నీ పైఆఫీసుకి వెళ్ళి, షిఫ్టుకి ఇన్ని బోల్టులు చేయాలని కిందికి దిగివచ్చేవి. ఎప్పుడూ పెరిగి దిగేవే తప్ప తగ్గి దిగినట్టు నాకు జ్ఞాపకం లేదు. కార్ఖానాలో పని కోసం ఇంతదూరం వచ్చిన మా జిల్లా తెలుగువాళ్ళందరూ పనిచేసే చేతులు, మా నాన్న ఒక్కడే చూసే కళ్ళు. అందుకని నాన్న కనబడితే మాటలు ఆగిపోయేవి. వెనకాల ఆయన్ని 'వాచీ బాబు' అనేవారు. ఆ పేరు పిలుపులో గౌరవం ఏమీ ఉండేది కాదు.

ఆ వాచీకి ఒక తిరకాసు ఉంది. మామూలు గడియారంలో నిమిషానికి అరవై సెకన్లయితే, లెక్కలు తేలిగ్గా ఉండడానికి దీని మీద నిమిషాన్ని వంద గీతలుగా చేశారు. ముల్లు ఒక చుట్టు తిరిగితే నిమిషం, వంద గీతలు. నేను ఈ వాచీ చూసి పెరిగాను. మూడో తరగతిలో నిమిషానికి ఎన్ని భాగాలని మాస్టారు అడిగితే వంద అని గట్టిగా చెప్పి, అరచేతి మీద రెండు తిన్నాను. ఇంటికొచ్చి ఏడిస్తే నాన్న నన్ను ఓదార్చలేదు. మర్నాడు వాచీ పట్టుకుని బడికి వచ్చి, మాస్టారికి గీతలు లెక్కపెట్టి చూపించాడు. మాస్టారు ఆ తర్వాత ఏడాదంతా నన్ను ఏ ప్రశ్నా అడగలేదు.

మేము అగ్రికో కాలనీలో కార్ఖానా ఇచ్చిన క్వార్టర్లలో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు, అయితే డ్యూటీలో ఉండేది, లేకపోతే నిద్రలో ఉండేది. ఇల్లంతా నానమ్మ రాజ్యం. బొగ్గుల పొయ్యి పొగ, వేగే ఆవాలు, నానమ్మ చుట్ట, ఈ మూడు వాసనలూ కలిస్తే మా వంటిల్లు. నానమ్మ మా వైపు ఆడవాళ్ళలాగా అడ్డపొగ కాల్చేది, అంటే చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకునేది. కొత్తగా చూసినవాళ్ళు గుండెలు బాదుకునేవారు, ఆవిడ మాత్రం ఆ చుట్టతోనే పప్పు తాలింపు వేసేది. ఆవిడకి కాలమంటే రెండే కొలతలు: షిఫ్టు మారేటప్పుడు కూసే కార్ఖానా భోంపూ ఒకటి, చుట్ట ఒకటి. అన్నం పావు చుట్ట, పప్పు సగం చుట్ట, భాలుబాసా బజారుకి వెళ్ళి పొగాకు కొనుక్కుని రావడం రెండు చుట్టలు.

సెలవు రోజుల్లో నాన్నకి చెయ్యి ఊరుకునేది కాదు. ఒకసారి వంటింటి గుమ్మంలో పలక పట్టుకుని నిలబడి, నానమ్మ వంటంతా కొలిచాడు. కారం డబ్బా ఎడమ గూట్లోంచి కుడి గూట్లోకి మారిస్తే పూటకి పదకొండు గీతలు కలిసొస్తాయని తేల్చాడు. నానమ్మ గరిటె కింద పెట్టేసింది. "ఏటి ఎక్కడుందో నా సేతికి తెల్దేటి? వాచీ ఎట్టుకొని నువ్వే వొండు" అని అరుగు మీదికి వెళ్ళి కూర్చుంది. నాన్న వండాడు. పప్పు మాడింది, అన్నం పలుకైంది. అయినా మామూలుకన్నా చాలా తక్కువ టైములో అయిందని ఆయన పలక మీద రాసుకోవడం నేను నా కళ్ళారా చూశాను.

మా పక్క క్వార్టరు సింహాచలం మావది. వరసకి మావ కాదు, మా జిల్లావాడు, కార్ఖానాలో ఫిట్టరు. వాళ్ళింట్లో ఎండు నెత్తళ్ళూ వంకాయా కూర చేస్తే గోడ మీదుగా ఒక గిన్నె మాకు రావడం నేను పుట్టకముందు నుంచీ ఉన్న ఆచారం. నానమ్మ ఆ గిన్నె కోసం సాయంత్రం ఆకలి దాచుకునేది. ఒకసారి నాన్న వాచీ కార్ఖానాలో మావ పనిచేసే షాపులోకి, అంటే ఆ విభాగంలోకి, వెళ్ళింది. ఆ తర్వాత నెలలో మావకి షిఫ్టు పని పెరిగింది. ఆ వారం నుంచే గిన్నె ఆగిపోయింది. మావ నాన్నతో మాట మానేశాడు. మనం రోజంతా పడే శ్రమలో గీతలు కొట్టేసి సాహెబులకి ఇచ్చేశాడని టీ దుకాణంలో అన్నాడట. నాన్న ఆ మాట విని, మర్నాడు మామూలుగానే పలక పట్టుకుని షిఫ్టుకి వెళ్ళాడు. నానమ్మ మాత్రం గోడ వైపు చూస్తూ, "ఆడి వాచీ నా నోటికాడ కూడు తీసీసినాది" అని చాలా రోజులు అంటూనే ఉంది.

అటువంటి సమయంలో సింహాచలం మావ ఒక బండి తయారుచేశాడు. టాటానగర్ స్టేషను వైపు రైల్వే క్వార్టర్లలో మన తెలుగువాళ్ళు పాత స్కూటరు ఇంజనుతో బుల్లి రేసుబండి చేశారని, కార్ఖానా ఆటల పోటీల రోజున దాన్ని తెస్తారని తెలిసింది. మావకి పౌరుషం వచ్చింది. భాలుబాసా పాతసామాను దుకాణంలో ఒక స్కూటరు ఇంజను కొని, గొట్టాలు వంచి అతికించి, తోపుడు బండి చక్రాలు నాలుగు తగిలించాడు. బ్రేకు ఒక వెనక చక్రానికే ఉండేది, అది కూడా తన ఇష్టం మీద పనిచేసేది. మావ కొడుకు రాజు దాని మీద కూర్చుంటే ఇంజను మూలిగేది. వాడు పద్దెనిమిదేళ్ళకే నిండు బస్తా. ఒకరోజు గోడ మీద కూర్చుని చూస్తున్న నన్ను మావ ఎగాదిగా చూసి, "నువ్వెక్కు ఒకపాలి" అన్నాడు. నాకు పదిహేడేళ్ళు, తూకం నలభై కిలోలు నిండలేదు. బండి లేడిపిల్లలా పరిగెత్తింది. నాకు ఆ రోజు నుంచి వేరే ధ్యాస లేదు. చదువు, తిండి, సినిమా ఏదీ వద్దు, ఆ పోటీలో ఆ బండి నేనే నడపాలి, అంతే.

బండి తన కొడుకు కోసం చేసినా, మావ మనిషి న్యాయస్థుడు. ఫుట్‌బాల్ మైదానం చుట్టూ ఒక చుట్టు, తారు డ్రమ్ము దగ్గర మొదలై మళ్ళీ డ్రమ్ము దగ్గరికి. ఎవరు తక్కువలో తిరిగితే వాళ్ళే పోటీకి అన్నాడు. వాళ్ళు ఒకటీ రెండూ అని నోటితో లెక్కపెట్టుకునేవారు. నాకు వాచీ ఉందిగా. నాన్న పొద్దున షిఫ్టు చేసి వచ్చి మధ్యాహ్నం పడుకునేవాడు, తోలు సంచీ తలగడ కింద. దాన్ని తీసే పని నానమ్మది. "ఆడి తలకింద సెయ్యెట్టడం ఆడు పుట్టినకాణ్ణుంచీ నాకలవాటే" అని నిమిషంలో తెచ్చిచ్చేది. రిబ్బనుతో వాచీని ఎడమ అరచేతికి కట్టుకుని, కుడిచేత్తో స్టీరింగు తిప్పుతూ, డ్రమ్ము దాటగానే బొటనవేలితో నొక్కేదాన్ని, మళ్ళీ డ్రమ్ము రాగానే నొక్కేదాన్ని. మొదటిరోజు నూట నాలుగు గీతలు. వారం తిరిగేసరికి తొంభై ఆరు, ఆ తర్వాత తొంభై మూడు, ఒకసారి తొంభై. లెక్కల పుస్తకం ఆఖరి పేజీలో రాసుకుని, రాత్రి పడుకునేముందు దేవుడి పటంలా దాన్ని చూసుకుని పడుకునేదాన్ని. మైదానం గట్టు మీద చుట్ట కాలుస్తూ కూర్చున్న నానమ్మ మాత్రం నా సంతోషంలో పాలుపంచుకునేది కాదు. "పది సుట్లకి పావు సుట్ట కాలతన్నాది. మొదటిరోజూ అంతే, ఇయ్యాలా అంతే" అనేది. నానమ్మకి స్పీడు సంగతి ఏం తెలుసని నవ్వేదాన్ని.

పోటీకి ముందు ఆదివారం పొద్దున్న మావ పరీక్ష పెట్టాడు. అలాంటి వాచీ ఉన్నది మా క్వార్టర్లలో మా నాన్న ఒక్కడి దగ్గరే. మాట లేని మనిషిని మావ ఎలా అడుగుతాడు? రాజు చేత కబురు పంపాడు, వాచీ బాబు వచ్చి కొలవాలని. మైదానానికి సగం మంది ఫిట్టర్లు వచ్చారు. బండి చూడడానికి కాదు, వాచీ ఎవరి వైపు తిరుగుతుందో చూడడానికని అందరికీ తెలుసు. ముందురోజు రాత్రి అన్నం తింటూ నాన్న నావైపు చూడకుండా, "పని సేసినోడు తన పని తాను కొలుసుకోకూడదమ్మా. ఆడి బొటనేలు ఆడికి సాయం సేత్తాది" అన్నాడు. నేను కలిపిన ముద్దే మళ్ళీ కలిపాను. నానమ్మ గబగబా మజ్జిగ పోసింది. తలగడ కింద వాచీ మాయమైనప్పుడల్లా ఆయన మేలుకునే ఉన్నాడన్నమాట. అంతటితో ఊరుకోకుండా నేను డ్రమ్ము దాటాక నొక్కి, డ్రమ్ము రాకముందే ఆపుతున్నానని కూడా ఆయనకి తెలుసు.

ముందు రాజు తిరిగాడు. తొంభై తొమ్మిది. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత నేనెక్కాను. ఆ చుట్టు నాకు ఇప్పటికీ అరికాళ్ళలో ఉంది. మొదటి మలుపు, రెండో మలుపు, అంత శుభ్రంగా నేను ఎప్పుడూ తిప్పలేదు. గోల్ స్తంభాల వెనక నుంచి పాలు పోసే ఖటాల్‌వాడి గేదె ఒకటి తీరుబడిగా దారి మీదికి వచ్చింది. బ్రేకు తొక్కాను, చిత్రంగా అది పనిచేసింది. బండి దాదాపు ఆగిపోయింది. గేదె నన్ను చూసి, ఆలోచించి, వచ్చిన పని గుర్తుకొచ్చినట్టు మెల్లగా అవతలికి వెళ్ళింది. మిగతా సగం చుట్టు పళ్ళు బిగించి తోలాను. డ్రమ్ము దాటి దిగేసరికి అందరూ నాన్న ముఖం చూస్తున్నారు.

"నూట రెండు" అన్నాడు నాన్న.

అయిపోయింది. రాజుని భుజాల మీదికి ఎత్తుకుందామని నలుగురు ప్రయత్నించి, బరువుకి మానుకున్నారు. నేను ఏడుపు ఆపుకుంటూ నాన్న వెనక ఇంటిదాకా నడిచాను. గుమ్మం దాటాక నా నోరు ఆగలేదు. టైం స్టడీలో ఒక పద్ధతి ఉంది, అది నాకు పాలతో పట్టించిన పద్ధతి. పనివాడి తప్పులేకుండా పని ఆగితే, అంటే దారిలో ట్రాలీ అడ్డొచ్చినా, కరెంటు పోయినా, ఆ గీతలు లెక్కలోంచి తీసేయాలి. దాన్ని అలవెన్స్ అంటారు.

"కార్ఖానాలో ట్రాలీ అడ్డొత్తే అలవెన్స్ ఇత్తావు కదా నాన్నా. మరి గేదె అడ్డొత్తే?" అన్నాను.

నాన్న వాచీని సంచీలో పెట్టి, తాడు బిగించి, అప్పుడు చెప్పాడు. "రాజుకైతే ఇచ్చీసేవోణ్ణే. నువ్వు నా కూతురివి. నీకిత్తే ఇంక ఎవులూ నమ్మరు."

ఆ మాట నాకు అర్థం కాలేదని కాదు. అర్థమైంది, అందుకే ఇంకా మండింది. ఆయన కూతుర్ని కావడమే నా తప్పయితే నేను చేయగలిగిందేముంది? పదిహేను రోజులు ఆయనతో మాట్లాడలేదు. అదే సాయంత్రం గోడ మీదుగా ఒక గిన్నె వచ్చింది, ఎండు నెత్తళ్ళూ వంకాయా. గిన్నె వెనకాల సింహాచలం మావ. మా అరుగు మీద కూర్చుని, నాన్నతో కాకుండా నానమ్మతో అన్నాడు, "సొంత కూతురికే ఇయ్యనోడు, మన గీతలు తినీసుంటాడేటమ్మా? నానే తప్పుగా అనుకున్నాను." నాన్న లోపల్నుంచి టీ గ్లాసు తెచ్చి ఆయన చేతికిచ్చాడు. ఇద్దరూ అరుగు మీద చీకటి పడేదాకా కూర్చున్నారు. నాన్నని వాచీ బాబు అనడం అక్కడితో మానలేదు గానీ, ఆ పేరు పిలుపులో ఏదో మారింది. నేను కోపంతో అన్నం ముట్టలేదు. నా వాటా నెత్తళ్ళు కూడా నానమ్మే తినేసి, నువ్వోడిపోతే ఓడిపోయావు గాని కూర మాత్రం బాగుందే అని నన్ను ఓదార్చింది.

పోటీలో రాజు మొదటి చుట్టు పూర్తికాకుండానే గొలుసు తెగింది. రైల్వేవాళ్ళు గెలిచారు. నాకు కొంచెం సంతోషం కలిగిన మాట దాచను. ఆ ఏడాది ఎండాకాలానికల్లా ఇంజను మళ్ళీ భాలుబాసా చేరిపోయింది, నేను పరీక్షల చదువులో పడిపోయాను. నాన్నకీ నాకూ మధ్య ఆ నూట రెండు గురించి మళ్ళీ ఎప్పుడూ మాట రాలేదు. నా పెళ్ళిలో, నా పిల్లల పుట్టుకలో, ఆయన ఆసుపత్రి రోజుల్లో ఎన్నో మాట్లాడుకున్నాం, అది మాత్రం రాలేదు. నేను మరిచిపోయాననుకున్నాను. మొన్న మౌనిక వచ్చి మూతి ముడుచుకుని నిలబడేదాకా.

ఇప్పుడు ఆ కాగితం. అది కార్ఖానా అబ్జర్వేషన్ షీటే. పైన అచ్చు గడులు. పనివాడి పేరు ఉండాల్సిన చోట నా పేరు, యంత్రం ఉండాల్సిన చోట 'సింహాచలం బండి'. చూసిన టైము 102. దాని పక్కన తప్పించలేని ఆలస్యం అన్న గడిలో 6. అసలు టైము 96. కింద నాన్న సంతకం, కార్ఖానా కాగితాల మీద ఎలా పెడతాడో అలాగే, రెండు గీతలు కొట్టి. కాగితమంతా ఆయన ఇంగ్లీషులోనే రాశాడు. ఒక్క రిమార్క్స్ గడిలో మాత్రం గుండ్రటి తెలుగు అక్షరాల్లో 'గేదె' అని ఉంది. తొంభై ఆరు. రాజుది తొంభై తొమ్మిది. నేను గెలిచాను. గెలిచినట్టు నాన్న పద్ధతి ప్రకారం లెక్క కట్టి, సంతకం పెట్టి, నాకు తప్ప ఎవరికీ అక్కర్లేని ఆ కాగితాన్ని నాకు చూపించకుండా పలక అడుగున పెట్టుకుని బతికాడు. మంచం మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే ఆయన మీద కోపం కూడా వచ్చింది. ఒక్కసారి, ఎవరూ లేనప్పుడు, నా చెవిలో చెబితే ఏం పోయింది?

మౌనికతో ట్రాక్‌కి వెళ్ళాను. అక్కడ అంతా నున్నటి తారు, చుట్టూ టైర్ల గోడలు, గేదె చొరబడే సందు కూడా లేదు. నాన్న వాచీ కీ తిప్పితే నడిచింది గానీ, ముసలిదాని మీద పెద్ద బాధ్యత పెట్టడం ఎందుకని మౌనిక ఫోనే చేతిలో పట్టుకుని గీత పక్కన కూర్చున్నాను. నాలుగో చుట్టులో అది బాగా తోలింది. చివరి మలుపు దగ్గర ఎవరో కొత్తవాడు బండి అడ్డదిడ్డంగా తిప్పుతూ ముందుకొచ్చాడు. ఇది బ్రేకు తొక్కింది. గీత దాటేసరికి ఫోను మీద నలభై ఆరు. అది హెల్మెట్ తీసి, చెమట ముఖంతో పరిగెత్తుకు వచ్చి, ఎంతొచ్చిందన్నట్టు, కిత్నా అంది. దాని ముఖం చూస్తే నాన్న ఆ రోజు ఏం చూసి ఉంటాడో తెలిసింది. నలభై నాలుగు అనడానికి నా నాలుక సిద్ధంగా ఉంది.

"నలభై ఆరు" అన్నాను.

దాని భుజాలు వాలిపోయాయి. నేను దాన్ని పక్కన కూర్చోబెట్టి, లెక్క పుస్తకం తీయమన్నాను. ఈ కాలం పిల్ల, పుస్తకం కూడా ఫోనులోనే. నలభై ఆరు రాయమన్నాను, అది మార్చేది లేదని చెప్పాను, కెప్టెన్ ముందు అదే చెబుతానని చెప్పాను. తర్వాత, ఇది రాసుకో అని గట్టిగా, పక్కన కూర్చున్న వాళ్ళందరికీ వినబడేలా చెప్పాను. "అడ్డొచ్చిన బండికి రెండు సెకన్లు పోయాయి. నీ అసలు టైము నలభై నాలుగు. రిమార్క్స్‌లో గేదె అని రాయి."

మౌనిక ట్రాక్ అంతా ఒకసారి వెతికి చూసి, "యహాఁ భైంస్ కహాఁ హై, మామ్మా?" అంది, ఇక్కడ గేదె ఎక్కడుందని.

"నువ్వు రాయవే, చెబుతాను" అన్నాను. అది రాసింది.